మంచం దగ్గరికొచ్చిన ఓటు

"ఇంటికొచ్చి ఓటు వేయించుకుని పోతారట! ఇంక దొంగ ఓట్లకి కొదవేముంది వదినా?"

2024 ఎన్నికలప్పుడు మా వీధిలో ఏ ఇద్దరాడవాళ్లు కలిసినా ఇదే మాట. అనుమానం రావడంలో వింతేమీ లేదు లెండి. బూత్‌లో అయితే ఏజెంట్లు, పోలీసులు, వరసలో నిలబడ్డ నలుగురి కళ్లు ఉంటాయి. ఇంట్లో ఎవరుంటారు? మనమేగా! ఆ మనతోనే వచ్చింది చిక్కంతా.

85 ఏళ్లు దాటినవాళ్లకి, నలభై శాతమో అంతకుమించో వైకల్యం ఉన్నవాళ్లకి ఆ ఎన్నికల్లో ఇంటి దగ్గరే పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. (2023 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు 80 దాటితే చాలన్నారు. తర్వాత 85 చేశారు.) మా అత్తయ్యగారికి అప్పుడు 88. తుంటి ఎముక విరిగాక గడప దాటింది లేదు. బూత్ లెవెల్ ఆఫీసరు 12-డి ఫారం తెచ్చిచ్చాడు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపల దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలి. దరఖాస్తు ఒప్పుకున్నాక ఓటర్ల జాబితాలో ఆ పేరు దగ్గర 'పి.బి.' అని గుర్తు పెడతారు. ఆ తర్వాత మనసు మారి బూత్‌కి వెళ్లినా అక్కడ ఓటు ఉండదు. ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి వెయ్యకుండా ఈ ఏర్పాటు.

ఫలానా రోజు వస్తామని ముందే కబురు చేశారు. ఇలాంటి ఓటర్ల జాబితా పోటీ చేసేవాళ్లకీ ఇస్తారు కాబట్టి వాళ్ల తాలూకు మనుషులిద్దరు వచ్చి వరండాలో నిలబడ్డారు. ఇద్దరు పోలింగు అధికారులు, ఒక పోలీసు, వీడియో తీసే కుర్రాడు. టీ పెడతానంటే "ఏమీ వద్దమ్మా" అనేశారు. కార్డు చూశారు, మనిషిని చూశారు, సంతకం తీసుకున్నారు. మంచం మీద అట్ట అడ్డుపెట్టి, లోక్‌సభకొకటి, అసెంబ్లీకొకటి కాగితాలు చేతికిచ్చారు.

ఇంతలో మా మరిది ముందుకొచ్చాడు. "అమ్మకి చూపు ఆనదండీ. టిక్కు నేను పెడతాలెండి" అంటూ పెన్ను అందుకోబోయాడు. చెప్పొద్దూ, నా గుండె గుభేలుమంది. వారం రోజులుగా ఆవిడ చెవిలో తన పార్టీ పేరు జపం చేస్తున్నాడు మరి! నేను నోరు విప్పితే ఇంట్లో రభస. చూపు లేనివాళ్లు, చెయ్యి ఆడనివాళ్లు తోడు కోరుకోవచ్చని నిబంధన ఉన్నమాట నిజమే. కానీ కోరుకోవలసింది ఓటరు. ఆ అధికారి మా మరిది వంక చూడనైనా చూడకుండా, "అమ్మా, సాయం కావాలా మీకు?" అని ఆవిడనే అడిగాడు.

"కళ్లజోడు ఇమ్మనండి చాలు. కందిపప్పులో రాళ్లు ఇప్పటికీ నేనే ఏరతాను" అన్నారు అత్తయ్యగారు.

అందర్నీ గది బయటికి పంపేశారు. మా మరిది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనేం చేశానో నాకు తెలీదు!

టిక్కు పెట్టిన కాగితం మడిచి చిన్న కవరులో పెట్టి జిగురు అంటించాలి. ఆ కవరునీ, ఓటరు సంతకం, అధికారి ధ్రువీకరణ ఉన్న 13-ఎ ఫారాన్నీ కలిపి పెద్ద కవరులో పెడతారు. లెక్కించే రోజు ముందు పెద్ద కవరు విప్పి ఫారం చూస్తారు. సంతకం లేకపోయినా, బ్యాలెట్ నంబరు తేడా వచ్చినా చిన్న కవరు విప్పనే విప్పరు, ఓటు పోయినట్టే. అన్నీ సరిపోయిన చిన్న కవర్లని కలిపేసి అప్పుడు విప్పుతారు. అందుకని ఏ కాగితం ఎవరిదో తెలియదు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ ఫారం మీద అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే చెల్లుతుందా అని 2024లో మన రాష్ట్రంలో పెద్ద గొడవే అయింది. సంతకం చాలన్న ఎన్నికల సంఘం మాట మీద హైకోర్టుకీ, సుప్రీంకోర్టుకీ వెళ్లారు. జూన్ 4న లెక్కింపు అనగా 3వ తేదీన కూడా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ఈమాత్రం దానికి అంత రాద్ధాంతమా అనుకునేరు. గుజరాత్‌లో ధోల్కా అనే చోట 2017లో గెలిచినాయన మెజారిటీ 327. పక్కన పడేసిన పోస్టల్ ఓట్లు 429! 2020లో అక్కడి హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. కొద్దిరోజులకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, అది వేరే సంగతి. ఇప్పుడు గెలిచిన తేడాకన్నా చెల్లవని తీసేసిన పోస్టల్ ఓట్లు ఎక్కువైతే, ఫలితం చెప్పేముందు వాటిని మళ్లీ పరిశీలించి తీరాలి.

కోర్టులూ, కవర్లూ, వీడియోలూ చూడగలిగేది వాకిట్లోంచి అవతలికి. అంతకుముందు వారం రోజులూ మంచం పక్కన కూర్చుని ఎవరేం ఊదారో ఏ వీడియోకి అందుతుంది? మందులిచ్చేదీ మనమే, అన్నం పెట్టేదీ మనమే. ముసలివాళ్లు మొహమాటపడతారు.

"ఇంతకీ ఎవరికేశావే అమ్మా?" అని మా మరిది ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, పప్పు చేట ఇలా తెమ్మంటారు.