వెలగని టెస్టర్

టెస్టర్ లేని ఇల్లు మన ఊళ్ళలో అరుదు. టీవీ కింద సొరుగులోనో, ఫ్రిజ్ మీద పాత కరెంటు బిల్లుల పక్కనో, జేబుకి తగిలించుకునే క్లిప్పు ఎప్పుడో విరిగిపోయి, పడి ఉంటుంది. దాంతో కరెంటు చూసిన రోజుల కన్నా డబ్బా మూతలు ఎగదన్నిన రోజులే ఎక్కువ. అయినా అది చేతిలోకి వచ్చిందంటే ఇంటాయన మీదికి సగం ఎలక్ట్రీషియన్ పూనుతాడు. మొన సాకెట్టు కన్నంలో పెట్టి, వెనక లోహపు బొడిపె మీద వేలు ఆనిస్తాడు. వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఇంటింటి విద్యుత్ శాస్త్రం ఇంతే. ఇందులో మొదటి సగంతో పెద్ద ప్రమాదం లేదు. ప్రాణాలు తీసేది రెండో సగం.

టెస్టర్ పిడిలో ఒక చిన్న నియాన్ దీపం, దానికి వరసలో పది లక్షల ఓముల అటూ ఇటూగా ఒక రెసిస్టరు ఉంటాయి. కరెంటు ఈ రెండింటినీ దాటి మన వేల్లోకి, ఒంట్లోకి, కాళ్ళ కింద నేలలోకి పోతుంది. మన ఇళ్ళకి వచ్చే 230 వోల్టులకి అది మిల్లీ ఆంపియరులో పావు వంతు కూడా ఉండదు కాబట్టి ఒంటికి తెలియదు. అంటే, పరీక్ష జరుగుతున్నంతసేపూ మనమూ ఒక వైరే. రబ్బరు చెప్పులు వేసుకుని ప్లాస్టిక్ స్టూలెక్కామా, నేలలోకి దారి దాదాపు మూసుకుపోతుంది, దీపం మినుకు మినుకుమంటుంది. పట్టపగలు, కిటికీ పక్క బోర్డు దగ్గర, ఆ మినుకు కంటికి ఆనదు. ఒంటి జాగ్రత్త కోసం వేసుకున్న చెప్పులే టెస్టర్ నోరు నొక్కేశాయన్నమాట. వేలు సరిగ్గా ఆనకపోయినా, మొనకి తుప్పు పట్టినా, దీపం లోపలే చచ్చినా ఫలితం అదే. ‘వెలగలేదు’ అన్నదానికి కారణాలు ఇన్ని ఉండగా మనం ఒక్కటే వింటాం.

పని తెలిసినవాళ్ళ పద్ధతి వేరు. మా వీధికి వచ్చే పెద్దాయన స్విచ్చు బోర్డు విప్పే ముందు, పక్క గదిలో టీవీ నడుస్తున్న సాకెట్టులో టెస్టర్ పెట్టి చూస్తాడు. వెలుగుతుంది. కరెంటు ఆపని ఆ గదిలోంచి వచ్చి, తను ఎమ్‌సీబీ స్విచ్చు దించిన వైర్లని ఒక్కొక్కటే ముట్టించి చూస్తాడు. వెలగదు. ఇక పని మొదలుపెడతాడనుకుంటాం. మళ్ళీ టీవీ గదికే నడుస్తాడు.

“ఇందాకే చూశారుగా బాబాయ్?”

“మధ్యలో ఇది చచ్చిందేమో నాకెట్టా తెలుస్తది సార్.”

బతికి ఉన్న చోట ఒకసారి, అనుమానం ఉన్న చోట ఒకసారి, తిరిగి బతికి ఉన్న చోట ఒకసారి. నాకు తెలిసి ఇంటి వైరింగు జోలికి వెళ్ళేవాడు మొదట నేర్చుకోవలసింది ఈ నడక. కరెంటు ఉందని చెప్పడానికి ఒక్క మెరుపు చాలు. లేదని చెప్పడానికే సాక్ష్యాలు కావాలి.

వెలిగినప్పుడు కూడా టెస్టర్ మాటని యథాతథంగా తీసుకోకూడదు. ఒక్కోసారి సాకెట్టు రెండు కన్నాల్లోనూ వెలుగుతుంది. ఇంట్లో ఏదీ పనిచేయదు. “రెండు ఫేజులొచ్చాయి” అని ఇంటాయన తీర్పు చెప్పేస్తాడు. నిజానికి అక్కడ న్యూట్రల్ ఎక్కడో తెగి ఉంటుంది. ఆన్‌లో ఉండిపోయిన ఏ ట్యూబులైటు లోంచో, టీవీ లోంచో ఫేజు అవతలి వైపుకి దాటి, తిరిగి వెళ్ళే దారిలేక, న్యూట్రల్ వైరులో నిలబడి ఉంటుంది. అన్ని స్విచ్చులూ ఆపి, ప్లగ్గులు పీకేస్తే రెండో కన్నం ఆరిపోతుంది. న్యూట్రల్ నల్ల వైరే కదా అని ముట్టుకునేవాళ్ళని కాటేసేది ఇదే.

రంగుల సంగతీ ఒక్క మాట. మన ఇళ్ళ గోడల్లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కానీ మిక్సీకో ఇస్త్రీపెట్టెకో వచ్చే త్రాడులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. ఒకే నీలం, గోడలో ఒక పాత్ర, త్రాడులో ఇంకోటి. పైగా కట్టినవాడి దగ్గర ఆ రోజు ఏ చుట్ట మిగిలిందో అదే లాగి ఉండొచ్చు. రంగుని నమ్మి చెయ్యి పెట్టడానికి లేదు.

కొంచెం ముందడుగు వేసినవాళ్ళు పసుపుపచ్చ మల్టీమీటరు కొంటారు. మంచిదే. కాకపోతే, ఎక్కడా కలపని, ఊరికే వేలాడుతున్న వైరు మీద అది అరవయ్యో డెబ్భయ్యో వోల్టులు చూపించి హడలగొడుతుంది. గొట్టంలో పక్కనే పరిగెడుతున్న ఫేజు వైరు ప్రభావం అది. మీటరు తనలోంచి దాదాపు ఏమీ పోనివ్వదు కాబట్టి ఆ దయ్యపు వోల్టేజీ కూడా లెక్కకొస్తుంది. పాతకాలం పద్ధతిలో హోల్డరుకి రెండు వైర్లు కట్టిన ఫిలమెంటు బల్బు ముట్టిస్తే ఇలాంటి దయ్యాలు నిలవవు. మీటరులో అసలు భయపడవలసింది తప్పు కన్నానికి. నల్ల త్రాడు ఎలాగూ కదలదు. ఎర్ర త్రాడు 10 ఆంపియర్ల కన్నంలో మరిచిపోయి సాకెట్టులో గుచ్చితే, అది కొలవడం మానేసి షార్టు సర్క్యూట్ చేస్తుంది. చవక మీటర్ల మీద ఆ కన్నం పక్కన ఫ్యూజు లేదని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. చదివేవాళ్ళేరీ!

మెయిన్ ఆపేశాం కదా అన్న ధీమాకి మన రాష్ట్రాల్లో ఒక ప్రత్యేక విరుగుడుంది: ఇన్వర్టర్. కోతల కాలంలో ఇంటింటా వెలిసింది, కోతలు తగ్గినా పోలేదు. మెయిన్ దించగానే అది కరెంటు పోయిందనుకుని, కనురెప్ప పడేలోపు ఫ్యాన్లకీ లైట్లకీ తన బ్యాటరీలోంచి మళ్ళీ 230 వోల్టులు పంపుతుంది. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటే ఎవరైనా ఆగుతారు. కానీ సరిగ్గా ఆ ఫ్యాను బాగుచేయడానికే మెయిన్ ఆపి స్టూలెక్కినవాడికి ఆ సూచన కూడా అందదు. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత మెయిన్ దించాలి, తర్వాత పైన చెప్పిన నడక నడవాలి. ఇంట్లో అందరికీ వినపడేలా “ఎవరూ ఆన్ చెయ్యకండి” అని అరవడం కూడా పనిలో భాగమే.

ఇంతకీ మనిషిని పట్టి ఉంచడానికి ఎంత కరెంటు కావాలి? అమెరికాలో బర్క్లీలో ప్రొఫెసరుగా ఉన్న చార్లెస్ డాల్జియెల్ స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళ చేతుల్లోంచి కరెంటు పంపి, ఎంత దాకా తీగని వదిలించుకోగలరో కొలిచాడు. మగవాళ్ళకి సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకి పదిన్నర. అది దాటితే కండరాలు బిగుసుకుని పిడికిలి విడవదు. మన తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేదే 40 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది. 32 ఆంపియర్ల ఎమ్‌సీబీకి ఈ లెక్క అసలు కనిపించదు; దాని కాపలా వైర్లకి, మనిషికి కాదు. మనిషి కోసం ఉన్నది 30 మిల్లీ ఆంపియర్లు నేలలోకి కారగానే తెగే ఆర్‌సీసీబీ. అయినా నేల తగలకుండా ఒక చేత్తో ఫేజూ రెండో చేత్తో న్యూట్రలూ పట్టుకున్నవాణ్ణి అదీ గుర్తుపట్టలేదు. దాని మీద ‘టి’ అని ఒక బొత్తాం ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడమని. సీరియల్ మధ్యలో నొక్కకపోవడం మంచిది.

మనం ఎక్కడ దాకా చెయ్యి పెట్టొచ్చన్నదానికి పాత చట్టంలోనే ఒక గీత గీశారు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వది, లైసెన్సున్న కాంట్రాక్టరు తప్ప ఎవరూ వైరింగు పని చేయకూడదంటూనే, బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చుల వంటివి మార్చడాన్ని వదిలేసింది, సామర్థ్యమూ స్వభావమూ మారకుండా ఉన్నంతవరకూ. పాడైన ఆరు ఆంపియర్ల సాకెట్టు తీసి అలాంటిదే బిగించడం గీతకి ఇవతల. గీజరు కోసం అక్కడే పదహారు ఆంపియర్లది బిగించడం అవతల. గోడలో ఉన్న సన్నటి వైరుకి ఆ మార్పు తెలియదు, వేడెక్కడం ఒక్కటే తెలుసు. అందుకని స్విచ్చు దాకా నేను చూసుకుంటాను. గీజరు పాయింటుకి పెద్దాయనకి ఫోన్ చేస్తాను. సాయంత్రం వస్తానంటాడు. ఎల్లుండి వస్తాడు. ఈలోపు స్నానాలకి పొయ్యి మీద నీళ్ళు.