పండరి దారిలో టెంపో చుట్టూ వెలుగు

కార్తీక ఏకాదశి దగ్గర పడిందంటే మన పేటల్లో టెంపో బేరాలు మొదలవుతాయి. దత్తనగర్, సాకర్ పేట, అశోక్ చౌక్, ఏ గల్లీలో చూసినా నాలుగిళ్ళవాళ్ళు కూడి ఒక టెంపో మాట్లాడుకుంటరు. కార్ఖానాలో రెండు రోజులు సెలవు చెప్పి, బీడీల చాటలు పక్కన పెట్టి, బియ్యం, పప్పు, స్టవ్వు, తాడ్పత్రి ఎక్కించుకొని పండరిపురం బయలుదేరుతరు. మోహోళ్ మీదుగా 70 కిలోమీటర్ల పైచిలుకు దారి. పొద్దున బయలుదేరితే పగటి అన్నం యాళ్లకు అక్కడుంటం.

అక్కడ ఉండుడే కష్టం. ఏకాదశి నాడు మఠాల్లో, ధర్మశాలల్లో కాలు పెట్టే చోటుండదు. చంద్రభాగ ఆవలి ఒడ్డున 65 ఎకరాల మైదానం ఉంది, భక్తిసాగర్ అంటరు. దిండీల డేరాలన్నీ అక్కడే. మొన్నటి యాత్రలో మా టెంపోకు అంత దగ్గర చోటు దొరకలేదు. ఇంకా దూరంగా, రోడ్డు దిగినంక ఒక చెల్క అంచున ఆపుకున్నం. ఆడవాళ్ళు, పిల్లలు టెంపోలో, మగవాళ్ళు పక్కన తాడ్పత్రి కింద. దేశమంతా కప్పుకునే సోలాపూర్ చద్దర్లు ఆ రెండు రాత్రులు మేమూ కప్పుకున్నం.

రాత్రి యాత్ర అంటే పగటి యాత్ర కాదు. పగలు దేవుని దర్శనం, భజన, జనం. రాత్రి పది దాటినంక చెల్క అంచున చీకటి తప్ప ఏముంటది? మునుపు కందిలి ఉండె, పెద్ద గుంపైతే గ్యాస్ బత్తి ఉండె. తర్వాత మొబైల్ టార్చీ వచ్చింది. అది ఒకరి చేతిలో ఉంటే తక్కినోళ్ళకు చీకటే, పైగా తెల్లారేసరికి ఫోన్ చచ్చిపోతది. ఈసారి మా బావ బజారు నుంచి నాలుగు సోలార్ సెన్సర్ లైట్లు తెచ్చిండు. ఎండకు పెడితే పగలంతా చార్జి అయితది, రాత్రి మనిషి కదిలితే తనంతట తాను వెలుగుతది, 20-30 సెకన్లకు ఆరిపోతది. కరెంటు అక్కర లేదు, వైరు అక్కర లేదు.

మొదటి సాయంత్రం బావ, డ్రైవర్ తమ్ముడు కలిసి నాలుగింటినీ టెంపో దిక్కే తిప్పి కట్టిన్రు. సామాన్లున్నయి, దొంగల భయం అని వాళ్ళ లెక్క. వదినె చూసి, "సామాన్లు ఎటూ పోవు గాని, పెద్దవ్వ పొద్దు గూకినప్పటి సంది చుక్క నీళ్ళు ముట్టలేదు, తెలుసా మీకు?" అన్నది.

నిజమే. పెద్దవ్వకు 70 దాటినయి. రాత్రి బయటికి పోవాలంటే చీకట్లో వంద అడుగులు నడిచి తాత్కాలిక మరుగుదొడ్ల దాకా పోవాలె. ఎవరినో లేపాలె. లేపుడు ఇష్టం లేక నాలుగింటికే నీళ్ళు బంద్ చేసింది. అడిగితే తెలిసింది, తక్కిన ఆడవాళ్ళు కూడా అంతే. యాత్రల్లో మన ఆడవాళ్ళు ఇట్ల నీళ్ళు తాగకుండ దాహంతో ఉండుడు, ఉగ్గబట్టుకునుడు ఎన్నేండ్ల నుంచో నడుస్తున్నది. మూత్రంలో మంట, తలనొప్పి, కండ్లు తిరుగుడు అన్నీ దాని వెంటే వస్తయి. మనం అలసట అనుకొని ఊరుకుంటం.

అప్పుడు లైట్లు మళ్ళా కట్టినం. ఒకటి టెంపో వెనుక తలుపు దగ్గర, దిగే మెట్టు మీద వెలుగు పడేటట్టు. రెండు బాట పొడుగునా, ఒకటి పాతిన కర్రకు, ఒకటి వేపచెట్టుకు. నాలుగోది నీళ్ళ డ్రమ్ము దగ్గర. ఆ రాత్రి పెద్దవ్వ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. నడిజామున తనే దిగింది. ఒక లైటు ఆరుతుంటే ఇంకోటి వెలిగింది. పోయి వచ్చి పడుకున్నది. పొద్దున చెప్తే గాని మాకు తెలియలేదు.

ఇవి వాడేటోళ్ళు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నయి. లైటుకు ముందున్న తెల్లని బుడిపె మనిషిని చూడదు, మనిషి ఒంటి వేడి కదులుడును పసిగడతది. అందుకే ఎదురుగా నేరుగా నడిచి వస్తే ఆలస్యంగా వెలుగుతది, అడ్డంగా దాటితే వెంటనే వెలుగుతది. బాటకు ఎదురుగా కాదు, పక్కకు కట్టాలె. ఆరేడు అడుగుల ఎత్తు, కొంచెం నేల దిక్కు వంచి. మామూలుగా 10-15 అడుగుల దాకా పట్టుకుంటది. టెంపో అద్దం లోపల పెడితే పని చేయదు, అద్దం ఒంటి వేడిని ఆపేస్తది. స్టవ్వుకు ఎదురుగా పెడితే ఊరికే వెలుగుతది. పక్క టెంపోవాళ్ళ లైటు రాత్రంతా వెలిగి ఆరి, వెలిగి ఆరి, తెల్లారేలోపు చల్లబడ్డది. దాన్ని జనం నడిచే రోడ్డు దిక్కే తిప్పి పెట్టిన్రు. పొయ్యేటి ప్రతి మనిషికీ, ప్రతి కుక్కకూ అది లేచి దండం పెట్టింది!

ఇంకొకరిది అసలే వెలగలేదు. పాడైందనుకొని పెట్టెలో వేస్తుంటే మా డ్రైవర్ తమ్ముడు చూసి, పెద్ద స్తంభం లైటు కింది నుంచి తీసి చీకట్లో పెట్టిండు, వెలిగింది. పక్కన వెలుతురుంటే ఇంకా పగలే అనుకుంటది అది. కొత్తదానికి వెనుకనో కిందనో ఒక బటన్ ఉంటది, అది నొక్కనిదే పని మొదలు కాదు. అదే బటన్‌తో పద్ధతి మార్చొచ్చు: కదిలినప్పుడే వెలుగుడు, లేదా ఎప్పుడూ సన్నగా వెలుగుతూ కదిలితే పెరుగుడు. రాత్రంతా నిలవాలంటే మొదటిదే మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట పాముల గురించి. చెల్కల్లో పడుకునేటోళ్ళకు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి భయం ఉండనే ఉంటది. ఈ లైటు పామును పట్టదు. పాము ఒళ్ళు చుట్టూ ఉన్న నేలంత చల్లగానో వెచ్చగానో ఉంటది, మన లెక్క దానికి వేరే వేడి లేదు. తేలునూ పట్టదు. "లైటుంది గద, పురుగు వస్తే వెలుగుతది" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. మన అడుగుకు అది వెలిగితే మన కాలి ముందేముందో మనం చూసుకోవాలె, అంతే దాని సాయం. కట్లపాము రాత్రి పూట కింద పడుకున్నోళ్ళనే ఎక్కువ కరుస్తది, కరిచినా పెద్ద నొప్పి తెలియదు. కాబట్టి మగవాళ్ళు కూడా వట్టి నేల మీద పడుకోకుండ మంచమో, టెంపో బల్లలో చూసుకోవాలె. తిన్న మెతుకులు చుట్టూ పడేస్తే ఎలుకలొస్తయి, వాటి వెనుక పాములొస్తయి. ఒకవేళ కరిస్తే కోయుడు, పీల్చుడు, గట్టిగా కట్టుడు, మంత్రం వేయించుడు వద్దు. మనిషిని కదలకుండ ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉండే పెద్ద దవాఖానకు తీసుకపోవాలె.

కార్తీకంలో ఆకాశం చాలా వరకు తేటగా ఉంటది కాబట్టి చార్జికి ఇబ్బంది లేదు. ఆషాఢ ఏకాదశికి పోతే మబ్బు, వాన. రెండు రోజులు ఎండ లేకుంటే నడిజాముకే ఆరిపోతయి, అప్పుడు టార్చీ చేతిలో ఉండాల్సిందే. మన ఎండాకాలానిది ఇంకో తిరకాసు. ఏప్రిల్, మేలో సోలాపూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతది. చీకటి పడ్డంక కూడా గోడలు, రేకులు మన ఒంటి లెక్కనే కాగి ఉంటే, ఈ లైటుకు మనిషికీ గోడకూ తేడా సరిగా తెలియదు. దగ్గరికి పోతేగాని వెలగదు.

యాత్ర అయినంక ఆ నాలుగు లైట్లూ పెట్టెలో పడుకోలేదు. రెండు మా చాళ మెట్ల మీద కట్టినం. 1877లో మొదలైన జూనీ మిల్లు కాలంలో మన తాతలు భోంగా మోతకు లేచి పోయిన్రు, వచ్చిన్రు. ఇప్పుడు భోంగా లేదు గాని రాత్రి పాళీ ఉంది. సాంచాల మోతలో పన్నెండు గంటలు నిలబడి, చెవులు గింగురుమంటుంటే ఇంటికొచ్చే మనిషికి ఆ ఇరుకు మెట్లు చీకట్లో దిగుడెక్కుడు ఎంత గండమో మీకు చెప్పాల్సిన పని లేదు. ఒకటి గల్లీ చివరి సామూహిక మరుగుదొడ్ల బాటలో పెట్టినం, ఇంకోటి బోరింగు దగ్గర. కార్ఖానాలున్న గల్లీ కాబట్టి నూలు దుమ్ము పలకల మీద పేరుకుంటది. వారానికొకసారి తడిబట్టతో తుడిస్తే చాలు, ఆ పని పిల్లలకు అప్పజెప్పినం.

కొన్ని వందల రూపాయల వస్తువు ఇది. మీ గల్లీ నుంచి వచ్చే యాత్రకు టెంపో మాట్లాడుకుంటుంటే, సామాన్ల జాబితాలో ఇవి కూడా రాసుకోండి. బయలుదేరే ముందు రెండు రోజులు డాబా మీద ఎండకు పెట్టండి. దిగినంక ఎక్కడ కట్టాలో మగవాళ్ళు తేల్చొద్దు. ఇంట్లో పెద్దామెను వెంటబెట్టుకొని, "అవ్వా, రాత్రి నువ్వు ఎటు పోతవు?" అని అడగండి. ఆమె చూపిన బాటకే మొదటి లైటు కట్టండి. తక్కినవి సామాన్లకు.