పట్టిన టీకా, పట్టని టీకా

నూజివీడు నుండి విస్సన్నపేట మీదుగా చాట్రాయి చేరు త్రోవ పొడవునను మామిడితోటలు కన్నుల పండువుగ నుండును. వైశాఖమాసమున ఒకానొక బుధవారమునాడు, బంగినపల్లి కాయలు కోతకు వచ్చి, రసాలు ఇంకను కొమ్మలమీద బరువెక్కుచున్న వేళ, ఆ ప్రాంతమందలి యొక గ్రామపు అంగన్‌వాడీ కేంద్రమునకు నేను వెళ్ళితిని. టీకాలన్నియు వేయించుకొనియు కొందరు శిశువులకు వ్యాధినిరోధకశక్తి ఏల చేకూరదో, ఆ టీకాలు వేయువారి నోటనే వినవలెనని నా అభిలాష.

వేపచెట్టు నీడన బల్లమీద వ్యాక్సిన్ క్యారియర్ ఉంచుకొని ఏ.ఎన్.ఎం. కూర్చుండియుండెను. టీకాలు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ నడుమ ఉండవలెనని నేనెరుగుదును గాని, అతిశీతలము సైతము వానికి శత్రువని ఆమె చెప్పగా బాగుగ బోధపడినది. ఐస్‌ప్యాకులను గట్టిగడ్డలుగ ఉన్నపుడే పెట్టెలో అమర్చరాదు. పైన చెమట పట్టి, చెవికడ ఆడించినపుడు లోపల నీళ్ళు కదలిన చప్పుడు వినవచ్చువరకు ఆగవలెను. పెంటావలెంట్, హెపటైటిస్-బి టీకాలు ఒక్కమారు గడ్డకట్టిన యెడల వాని సత్త్వము నశించును. పోలియో చుక్కలమందు మాత్రము వేడిమికి ఓర్వదు. దాని సీసాపై నున్న వలయము నడుమ లేతరంగు చదరము వేడి సోకినకొలది ముదిరి, వలయపు రంగుతో సమమైనంతనే ఆ సీసా పరిత్యజింపవలసినదే. తట్టు-రుబెల్లా పొడిలో ద్రావకము కలిపిన వెంటనే ఆమె సీసాపై వేళ వ్రాసెను. 4 గంటలు దాటిన పిదప అది పనికిరాదు.

అంతలో ఏడాదిన్నర మనుమని చంకనెత్తుకొని ఒక వృద్ధురాలు వచ్చెను.

“తొమ్మిదో నెలలోనే ఈ తట్టు సూది పొడిచారు గదమ్మా! మళ్ళీ దేనికి పిల్లాణ్ణి ఏడిపించడం?”

“మొదటి సూది అందరు పిల్లలకూ పట్టదు మామ్మగారూ. పట్టిందో లేదో పైకి కనపడదు. అందుకే రెండోది.”

ఆ రెండు మాటలలోనే నేను వెదకుచు వచ్చిన సమాధానమంతయు ఇమిడియున్నది. గర్భస్థశిశువునకు తల్లి రక్తమునుండి సంక్రమించిన ప్రతిరక్షకములు (యాంటీబాడీలు), పుట్టిన పిమ్మట కొన్ని నెలలు బిడ్డను కాపాడుచునే, టీకాలోని బలహీనక్రిమిని గూడ పనిచేయనీయక అణచివేయును. ముదరకమునుపు కోసిన కాయ మాగవేసినను తీపెక్కనట్లు, తొందరపడి వేసిన తట్టు టీకా ఫలింపదు. ఆలస్యము చేసితిమా, ఈలోపలనే వ్యాధి సోకవచ్చును. అందుచే మన దేశమున 9 నెలలు నిండినంతనే మొదటి మోతాదు నిచ్చుచున్నారు. అప్పుడు నూటికి సుమారు 85 మంది బిడ్డలకే అది పట్టును. మిగిలినవారిలో అధికసంఖ్యాకులను రక్షణలోనికి తెచ్చుటకే 16 నుండి 24 నెలల నడుమ రెండవ మోతాదు ఏర్పడినది.

నోటిద్వారా ఇచ్చు టీకాల కష్టము వేరు. పోలియో చుక్కలు సంపన్నదేశముల పిల్లలకు పట్టినంతగా మన పిల్లలకు పట్టుట లేదని వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టర్ టి. జాకబ్ జాన్ 1970 దశకముననే గుర్తించిరి. హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ టీకాను 2016లో దేశమున మొట్టమొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరీక్షలలో అది తీవ్రమగు రోటావైరస్ విరేచనములను తొలి యేడాది నూటికి 56 పాళ్ళు మాత్రమే అరికట్టెను. కలుషితజలము, పదేపదే వచ్చు అంటురోగములు, పోషణలోపము పేగులను దెబ్బతీయుటయు, పేగులలో ముందే స్థావరమేర్పరచుకొన్న ఇతర క్రిములును ఇందుకు హేతువులని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఆ సగమైన రక్షణయే ఎన్నియో పసిప్రాణములను నిలుపుచున్నది. తక్కిన సగమునకు పరిశుభ్రమగు త్రాగునీరు, కడుపునిండిన తిండి తోడుగావలెను.

మరి రెండు మోతాదులును పట్టని బిడ్డ గతియేమి? ఈ ప్రశ్నకు, మనుమరాలిని తోడ్కొనివచ్చిన ఒక తోటరైతు తన భాషలో బదులు చెప్పెను: “మా తోటకు మందు కొట్టి, పక్కతోట వదిలేస్తే తేనెమంచు పురుగు మళ్ళీ మా పూతమీదికే వస్తుందండీ.” తట్టు ఒకరినుండి మరొకరికి పాకకుండ ఉండవలెనన్న నూటికి 95 మందికి రెండు మోతాదులును అందవలెను. అప్పుడు, టీకా పట్టని బిడ్డకును, టీకాకు ఈడురాని పసికందుకును ఇరుగుపొరుగు పిల్లలే కంచె యగుదురు. మన బిడ్డకు వేయించు టీకాలో పొరుగుబిడ్డ ప్రాణము సైతము ఉన్నదని తెలిసికొనుట కంటె గొప్ప ధర్మజ్ఞానము నాకు కానరాలేదు.

ముసలమ్మ మనుమని చేయి పట్టుకొనెను. వాడు గుక్కపట్టి ఏడ్చి, ఊరకుండెను. ఏ.ఎన్.ఎం. చిట్టాలో వేలు పెట్టి వెదకి, ఆశా కార్యకర్తను పిలిచి, “కోతకొచ్చిన కూలోళ్ళ పాపాయి రాలేదు. ఏ తోటలో ఉన్నారు?” అని అడిగెను. ఉత్తరపు దిక్కు తోటలోనని విని, పెట్టె భుజమునకు తగిలించుకొని ఎండలోనికి నడచెను. సీసాపై వ్రాసిన వేళ ప్రకారము ఇంకను గంటన్నర మిగిలియుండెను.