కర్సర్ ఒకచోట, మనసొకచోట

మొన్న పాత హార్డ్ డిస్కు వెతుకుతుంటే నేను 2006లో రాసిన ఒక సి ప్రోగ్రాం దొరికింది. అందులో ఒక లైను చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్ కోసం రాసింది. మౌస్ లేదు, బొమ్మల్లేవు, కర్సెస్ లైబ్రరీతో గీసిన నల్ల తెర అంతే. యూనిక్స్ వాడినవాళ్ళకి ఈ లైబ్రరీ తెలిసే ఉంటుంది. 1980 ప్రాంతంలో బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ రాశాడు. ఇప్పటి లినక్స్‌లో ఉండేది దాని వారసుడు ఎన్‌కర్సెస్. దీంట్లో తెరమీదికి అక్షరాలు ఎలా వెళ్ళాలో చెప్పే స్విచ్చులు కొన్నున్నాయి. క్లియర్‌ఓకే పెడితే తర్వాతి రిఫ్రెష్‌లో తెరంతా తుడిచి మళ్ళీ గీస్తుంది. స్క్రోల్‌ఓకే పెడితే అడుగు దాటినప్పుడు తెర పైకి జరుగుతుంది. ఇమ్మెడ్‌ఓకే పెడితే ప్రతి చిన్న మార్పుకీ రిఫ్రెష్ చేస్తుంది, ప్రోగ్రాం నత్తనడకే. ఇక లీవ్‌ఓకే... మన కథంతా దీంతోనే. ఇది పెడితే, గీయడం ఎక్కడ ఆగితే కర్సర్‌ని అక్కడే వదిలేస్తుంది. వెనక్కి తేవడమనే శ్రమ తప్పుతుంది.

అక్కడ మోడెం లైను నెమ్మది. నాలుగు బైట్లు మిగుల్తాయి కదా అని లీవ్‌ఓకేకి ట్రూ ఇచ్చేశా. తెలివైన పని చేశాననుకున్నా :)

నెల తిరక్కుండానే ఫిర్యాదు. ఒక లారీ పెట్టెలు ఇంకో లారీ ఖాతాలో పడుతున్నాయట. కోడ్ చూశా, లెక్క సరిగ్గానే ఉంది. "ఆపరేటర్ తప్పు" అని మెయిల్ కొట్టా. ఆ కుర్రాడి జీతంలో కోత పడింది. అయినా తప్పులు ఆగలేదు. మా ఇల్లు అల్వాల్‌లో కాబట్టి, దగ్గరేగా అని నన్నే పొమ్మన్నారు.

వెళ్ళి అతని వెనక నిలబడ్డా. గేటు దగ్గర ఎవరో ఏడో లారీ స్టేటస్ మార్చారు. కర్సర్ ఏడో వరసకెళ్ళి అక్కడే మెరుస్తోంది. ప్రోగ్రాం మాత్రం మూడో లారీ అంకె కోసం చూస్తోంది. కొట్టిన అంకె ఎంటర్ కొట్టాకే తెరమీద పడుతుంది, అప్పటికి అతని చూపు తర్వాతి కాగితం మీద ఉంటుంది.

"గిది ఏడో లైన్లనే మెరుస్తుంది గద సార్, నేను గక్కడనే కొట్టిన" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

ఆ ట్రూని ఫాల్స్ చేశా, సమస్య పోయింది. మార్పుల చిట్టాలో మాత్రం "చిన్న డిస్‌ప్లే సవరణ" అని రాశా. తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు. కోసిన జీతం తిరిగిచ్చారో లేదో అడగలేదు. అడగాల్సింది.

అసలు లీవ్‌ఓకే మామూలుగా ఫాల్స్‌లోనే ఉంటుంది. కర్సర్‌తో పనిలేని తెరలకి మాత్రమే అది. మనిషి కన్ను కర్సర్ మీదే ఉంటుందని రాసినవాళ్ళకి తెలుసు, నాకే తెలియలేదు.

ఇప్పుడు మనం రాసేవి టచ్ స్క్రీన్లకి. అయినా "యూజర్ ఎర్రర్" అని టికెట్ మూసేసేముందు ఒక్కసారి వెళ్ళి ఆ మనిషి వెనక నిలబడి చూడండి. అల్వాల్ నుంచి మేడ్చల్ ఎంత దూరమని!