ఎవరి లెక్కన విపరీతం?



మా గూడెం అక్క ఒకామె, ఆర్కియాలకు వైరస్‌లు ఎట్లా సోకుతయి అనే దాని మీద పీహెచ్‌డీ చేస్తోంది. సెలవులకొస్తే పెద్దోళ్లు అడిగేది ఒక్కటే: "దీంతోని ఏ జబ్బు తగ్గుతది బిడ్డా?" "ఏ జబ్బూ తగ్గదు పెద్దమ్మా" అంటది అక్క. మనుషులకు జబ్బు తెచ్చే ఆర్కియా ఇప్పటిదాకా ఒక్కటీ తేలలేదు మరి. అట్లాంటప్పుడు ఆ చదువెందుకు? మాకు అర్థమైనంత చెప్తం.

ఆర్కియాలు ఒకే కణంతో బతికే జీవులు. చూడటానికి బ్యాక్టీరియా లెక్కనే ఉంటయి, అందుకే చానా ఏండ్లు వాటిని బ్యాక్టీరియాల్లోనే కలిపేసిన్రు. 1977లో కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ కణంలోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి, ఇది వేరే వంశమని చెప్పిన్రు.

అందులో సల్ఫోలోబస్ అనేది 80 డిగ్రీల దగ్గర, నిమ్మరసమంత పుల్లటి వేడి ఊటల్లో బతుకుతది. దాన్నీ వైరస్ వదల్లేదు. ఐస్‌ల్యాండ్‌లో దొరికిన ఒక వైరస్ సన్నటి కడ్డీలా ఉంటది. కణం మీది పోగుల కొసను పట్టుకొని, వాటి వెంట కణాన్ని చేరుతది. లోపల తన నకళ్లు చేసుకున్నంక, కణం పైపొరను చీల్చుకొని ఏడు ముఖాల పిరమిడ్లు లేస్తయి. అవి పువ్వు రేకుల్లా విచ్చుకుంటే కొత్త వైరస్‌లు బయటికొస్తయి. ఈ పిరమిడ్ల సంగతి లోకానికి తెలిసింది 2009లోనే.

పుస్తకాలు వీటిని "విపరీత పరిస్థితుల్లో బతికే జీవులు" అంటయి. ఎవరి లెక్కన విపరీతం? మన ఒంటి వేడి దగ్గర పెడితే సల్ఫోలోబస్ పెరగనే పెరగదు. దానికి ఆ ఉడుకు నీళ్లే ఇల్లు. మన గూడేలను "మారుమూల" అని రాసినప్పుడు కూడా మనం అడగాల్సింది ఇదే: ఎక్కడ నిలబడి కొలిచిన్రు?

డీఎస్సీ రాయి, జీతం వస్తది అని ఇంట్లో అంటరు. ఆ మాట తప్పు కాదు, ఇల్లు గడవాలె. కానీ మన పిల్లలు "పనికొచ్చే" చదువే చదవాలె, వింత చదువులు వేరేటోళ్లకే అంటే మేం ఒప్పుకోం. మన మణుగూరు దిక్కు బోర్లల్ల వేడినీళ్లు వస్తయి. వాటిల్ల ఏ జీవులున్నయో చూసే కన్ను మనదెందుకు కావద్దు?

గిరిజన విద్యార్థుల పీహెచ్‌డీకి కేంద్రం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తది, విదేశీ చదువుకు 20 స్కాలర్‌షిప్‌లు వేరే. ఎమ్మెస్సీ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అప్లై చెయ్యండి. ఫారం నింపేటప్పుడు కుల, ఆదాయ పత్రాల కాడ ఆగిపోతే గ్రూపులో అడగండి. మేమున్నం.