వ్రేలి తొడుగు

పలాస జీడిపప్పు రుచి యెరుగనివారు మన జిల్లాలో నుండరు. ఆ పప్పును పెంకునుండి వెడలదీయు స్త్రీల చేతులను పరికించి చూచినవారు మాత్రము కొలదిమందియే. జీడిపిక్క పెంకులోని నూనె చర్మమును కాల్చి, నల్లబరచి, పొరలు పొరలుగా నూడదీయును. ఆముదమో బూడిదయో చేతులకు రాచుకొని పనిలో కూర్చుండుట వారి వాడుక.

కోటబొమ్మాళిలో మేనమామ యింట నుండి మన పాఠశాలలో చదువుచున్న పదవ తరగతి బాలిక యొకతె గలదు. ఆమె తల్లి పలాస ప్రాంతమున పిక్కలు ఒలుచు పని చేయును. గత సంవత్సరము ఆ బాలిక చూపుడువ్రేలికి తొడుగు నొకదానిని కంప్యూటరుపై గీసి మాకు చూపెను. టింకర్‌క్యాడ్ అను ఉచిత సాధనముతో గీసిన బొమ్మ అది. చాల ముచ్చటగా నుండెను. తెరపై దానిని ఎటులైనను త్రిప్పవచ్చును, పెంచవచ్చును, తగ్గింపవచ్చును. అయినను దానిలో వ్రేలు లేదు. ఇక దీనిని వస్తువుగా చేసి చూడవలెనని మేము చెప్పితిమి.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్సు నిచ్చి, సెలవులలో తల్లి వ్రేలిని కొలిచి రమ్మంటిమి. కొనకంటె కణుపునొద్ద 3 మిల్లీమీటర్లు లావని తేలెను. గీసిన తొడుగో, గొట్టమువలె అంతటను ఒకే వెడల్పు. కొలతలు మార్చి, ముందు బంకమన్నుతో ఒకటియు, అట్టతో ఒకటియు చేయించితిమి. (శిక్షణ కళాశాలలో మేము బోధనోపకరణములు చేసినది అట్టతోను జిగురుతోనే. ఆ విద్య యింకను పనికివచ్చుచున్నది.)

2016లో నీతి ఆయోగ్ ఆరంభించిన అటల్ ఇన్నొవేషన్ మిషను, పాఠశాలలకు 20 లక్షల రూపాయల వరకు సహాయమిచ్చి టింకరింగు ప్రయోగశాలలను నెలకొల్పించినది. అట్టి ప్రయోగశాల గల యొక పొరుగు పాఠశాలవారు తమ త్రీడీ ముద్రణ యంత్రమును మాకు దయతో నిచ్చిరి. అది ప్లాస్టిక్ తీగను దాదాపు 200 డిగ్రీల వేడిమిలో కరగించి, పొరపై పొర పేర్చి వస్తువును చేయును. బాలిక తొడుగు గోడను 0.3 మిల్లీమీటరు మందమున గీసెను. యంత్రపు ముక్కు రంధ్రమే 0.4 మిల్లీమీటరు! తెర యొప్పుకొనినదానిని యంత్రము ఒప్పుకొనలేదు. గోడను 0.8కు పెంచిరి. నిలువుగా ముద్రించిన తొడుగు గట్టిగా నొక్కగానే పొరల నడుమ చీలెను. పడుకోబెట్టి ముద్రించినది నిలిచెను. హైదరాబాదులో 2023 మార్చి 2వ తేదీన ప్రారంభమైన టి-వర్క్స్, 78,000 చదరపు అడుగుల స్థలమున, ఇట్లు నమూనాలు చేయించుటకే ఏర్పడినది. అచ్చటి పెద్ద యంత్రములయొద్దను జరుగునది ఇదియే: చేయుట, విరుగుట, మరల గీయుట.

తల్లి ఆ తొడుగును ఒక పూట ధరించి పని చేసెను. నూనె అంటలేదు. పిల్లలు సంతోషించిరి. ఆమె మాత్రము దానిని తీసి బల్లపై పెట్టి, “మేష్టారూ, ఇదేసుకుంటే పప్పు ఏలికి తగల్డం నేదు బాబూ, ఇరిగిపోతంది” అనెను. గుండుపప్పు ధరకును బద్ద ధరకును గల భేద మెరిగినవారికి ఆ మాట బరువు తెలియును. చేతిని కాపాడి కూలిని తగ్గించు తొడుగు ఎవరికి కావలెను?

బాలిక రెండు దినములు ఎవరితోను మాటలాడలేదు. తరువాతి సెలవులలో తల్లి ప్రక్కను కూర్చుండి ఆమె వ్రేళ్లనే చూచుచు గడపెను. పప్పును తడవి చూచునది వ్రేలి మెత్తని భాగము. నూనె అధికముగా అంటునది ప్రక్కలను, గోటి మొదటను. ఈ సంగతి ఆ తల్లికి ఇరువదియేండ్లుగా తెలియును. తెరపై గీయునప్పుడు అడిగినవారు లేరు. మూడవ తొడుగున ప్రక్కలు గట్టివి, లోపలివైపు రబ్బరువలె వంగు టి.పి.యు. అను తీగతో చేసిన పలుచని పొర.

ఇప్పుడామె కుడిచేతికి దానిని తొడుగుకొనుచున్నది. ఎడమచేతికి ఇంకను ఆముదమే. తోడి పనివారు తమ వ్రేళ్లనుకూడ కొలువుమనుచున్నారట. కాలిపర్సును బాలికయొద్దనే యుంచితిమి.