మేత లేని చోట మంద నిలవదు



మన ఏన్కూరు చుట్టుపక్కల, ఇటు తల్లాడ దారిలో గానీ అటు జూలూరుపాడు దారిలో గానీ, ఏ సేవకుణ్ణి కదిపినా ఈ మధ్య ఒకటే బాధ చెబుతున్నాడు. "ఫలానా కుటుంబం మా దగ్గర మానేసి వేరే సంఘానికి పోతున్నారు అన్నా" అని. ఎందుకు పోయారంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మా గొర్రెల్ని దొంగిలించారంటాం. కొన్నిచోట్ల అది నిజమే, కాదనను. కానీ మన ఊళ్లలో గొర్రెలు కాసే గొల్లవారిని అడిగి చూడండి. కడుపు నిండిన గొర్రె మందను వదిలి పోదు. పక్క చేను వైపు తల తిప్పిందంటే కాపరి ముందు చూడవలసింది తన బీడు వైపే.

ప్రియులారా, కుటుంబాలు సంఘాన్ని వదిలే తీరు మీరు గమనించారా? పోట్లాడి పోయేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చప్పుడు లేకుండా పోతారు. ముందు బుధవారం కూడికకు రావడం మానేస్తారు. తర్వాత ఆదివారం తల్లి ఒక్కతే వస్తుంది. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఫోన్‌లో ఎవరో ఒకరి ప్రసంగం వింటారు. అడిగితే "ఊరెళ్లాం అయ్యగారూ" అంటారు. అయ్యగారి మనసు నొప్పించడం ఇష్టంలేక అసలు మాట చెప్పరు. అసలు మాట చాలాసార్లు ఒకటే: "ఏళ్ల తరబడి వెళ్తున్నాం, ఏమీ నేర్చుకోలేదు."

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. 2021-22 పంటకాలం మీకు గుర్తుండే ఉంటుంది. ఖమ్మం జిల్లా మిరప తోటలను నల్ల తామర పురుగు తినేసింది. ఎన్ని మందులు కొట్టినా పూత నిలవలేదు. చాలామంది తోటలు పీకేశారు. పక్క ఊరి విశ్వాసి ఒకాయన, వయసులో నాకంటే పెద్దాయన, ఆ రోజుల్లో నా దగ్గరకు వచ్చాడు. నూతన సంవత్సర ఆరాధనలో ఆయన కుటుంబానికి వాగ్దానపు కార్డు వచ్చింది. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. కీడు కాదు, మేలే చేయాలన్నది తన ఉద్దేశమని దేవుడు చెప్పే మాట. వాళ్ల సంఘంలో ఆ ఏడాది పంట మీద దీవెన అని దానికి అర్థం చెప్పారు. నెల తిరిగేసరికి తోట పోయింది, అప్పు మిగిలింది. అడిగితే "నీ విశ్వాసం తక్కువైంది" అన్నారట. ఆ ఆదివారం నుంచి ఇంటిల్లిపాదీ మందిరానికి పోవడం మానేశారు.

ఆయన నన్ను అడిగింది ఒకటే. "కార్డులో ఉన్నది దేవుడి మాటే కదా అయ్యగారూ, మరి తోట ఎందుకు పోయింది?"

నేను బైబిలు తెరిచి ఆ అధ్యాయం మొదటినుంచి చదివించాను. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యిర్మీయా ప్రవక్త పంపినది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పరాయి పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి అని అందులో ఉంది. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించిన హనన్యా సంగతి దానికి ముందు అధ్యాయంలోనే ఉంది. అతని మాట నమ్మవద్దని యిర్మీయా చెప్పాడు. 11వ వచనానికి ముందు 10వ వచనం ఉంది కదా, అందులో 70 సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూస్తారు. అయినా దేవుడు వాళ్లను మరువలేదు, వాళ్ల పిల్లల పిల్లలను తీసుకొస్తాడు. ఆ వాగ్దానం అంత పెద్దది. దాన్ని మనం ఒక్క పంటకు కుదించాం.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇది ముందే తెలిస్తే నా అప్పు తగ్గేది కాదు. కానీ దేవుడు నన్ను మోసం చేశాడని అనుకునేవాణ్ణి కాదు."

సహోదరులారా, లోతులేని బోధ చేసే నష్టం ఈ మాటలో ఉంది. ఆదివారం బాగానే గడుస్తుంది. పాటలుంటాయి, చప్పట్లుంటాయి. కష్టం వచ్చిన రోజున మాత్రం ఆ మనిషి చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు అతడు సంఘాన్ని విడిచాడని మనం బాధపడతాం. దేవుణ్ణే విడిచే అంచుకు వచ్చాడన్నది అంతకంటే పెద్ద బాధ.

ఇది ఇవాళ పుట్టిన సమస్య కూడా కాదు. 1940 ప్రాంతం నుంచి మన తెలుగు దేశంలో పాత మిషన్ సంఘాల కుటుంబాలు బక్త్ సింగ్ గారి కూటములకు వెళ్లడం మొదలైంది. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగు చదువుకై విదేశాలకు వెళ్లి, 1929లో కెనడాలో ఉండగా బైబిలు చదివి ప్రభువును అంగీకరించారు. 1933లో తిరిగి వచ్చారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, ఆ తర్వాత హైదరాబాదులో హెబ్రోను ఏర్పడ్డాయి. 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులోనే ప్రభువు సన్నిధికి చేరారు. తెలుగు ఆయన మాతృభాష కాదు, పక్కన ఒకరు నిలబడి అనువదించేవారు. అయినా జనం గంటల తరబడి కూర్చున్నారు. బైబిళ్లు ఒళ్లో పెట్టుకుని, చెప్పిన చోటు తిప్పి చూసుకుంటూ విన్నారు. పాత సంఘాల పెద్దలు ఆనాడూ మా గొర్రెల్ని తీసుకుపోతున్నారనే అన్నారు. ఆ కదలికలో అన్నీ సరైనవే అని నేను అనడం లేదు. పోయినవారికి ఆకలి ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

అయితే లోతు అంటే పెద్ద చదువు అనుకోకండి. మన పక్కనే డోర్నకల్ ఉంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొంది, 1945లో మరణించేవరకు డోర్నకల్ అధ్యక్ష మండలాన్ని నడిపించారు. ఆ విశ్వాసుల్లో ఎక్కువమంది కూలి చేసుకునే మాల, మాదిగ కుటుంబాలవారు. అక్షరం రానివారే ఎక్కువ. పొలం పని ముగించుకుని వచ్చాక పల్లె ఉపదేశకుడు వాళ్లను కూర్చోబెట్టి పాటల ద్వారా, కథల ద్వారా, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పేవాడు. బాప్తిస్మం పొందినవారు తలమీద చేయి ఉంచుకుని సువార్త ప్రకటిస్తామని ప్రమాణం చేయాలన్నది అజరయ్య గారి పద్ధతి. చదువు రాని కూలివాడు తాను ఏమి నమ్ముతున్నాడో పక్కవాడికి చెప్పగలిగేలా నేర్పడం, అదీ లోతు. మన తండాల్లో, కోయగూడేల్లో తెలుగు బైబిలు గ్రాంథిక భాష అర్థంకాని అమ్మలు ఎంతమంది లేరు? వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం లోతు తగ్గించడం కాదు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే, లేవీయులు జనం మధ్య దాని అర్థం విడమర్చి చెప్పారు. ఆ జనం సంతోషంతో ఇంటికి వెళ్లింది తమకు చెప్పినది అర్థమైంది గనుకనే.

మరి సేవకుడి సంగతి కూడా చెప్పాలి. పల్లె సేవకుడు ఆదివారం, బుధవారం, శుక్రవారం ఉపవాస ప్రార్థన కలిపి ఏడాదికి 150 సార్లకు పైగా వాక్యం చెబుతాడు. మధ్యలో గృహ ప్రార్థనలు, ఆసుపత్రి పిలుపులు, సమాధి కూడికలు. కొందరు వారమంతా కూలికి పోయి వచ్చి ఆదివారం నిలబడతారు. మైకు సెట్టుకు, కీబోర్డుకు, ప్యాడ్స్‌కు చందాలు వస్తాయి. సేవకుడికి ఒక వ్యాఖ్యాన గ్రంథం కొనిపెట్టినవారిని నేను వేళ్లమీద లెక్కపెట్టగలను. ఎండిన బావిలో చేద వేసి నీళ్లు రాలేదంటే తప్పు చేదది కాదు.

అందుకే సంఘం మారాలనుకునేవారికి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చూపిస్తాను. అపొల్లో గొప్పగా మాట్లాడేవాడు, కానీ యోహాను బాప్తిస్మం వరకే ఎరుగును. అకుల, ప్రిస్కిల్ల అతని మాటలు సమాజమందిరంలో విన్నారు. వాళ్లు లేచి వెళ్లిపోలేదు, నలుగురిలో నిలదీయలేదు. అతణ్ణి చేర్చుకుని, దేవుని మార్గాన్ని ఇంకా వివరంగా తెలియజేశారు. డేరాలు కుట్టుకునే భార్యాభర్తలు ఒక ప్రసంగీకుణ్ణి బాగుచేశారు. అతడు వినిపించుకున్నాడు కూడా.

మా సంఘం చిన్నది. ఒక కుటుంబం కొత్తగా వస్తే మాకు పండుగే. అయినా వేరే సంఘం నుంచి ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది, "మీ అయ్యగారితో మాట్లాడారా?" అని. మాట్లాడలేదంటే, వెళ్లి మాట్లాడి రమ్మంటాను. ఆ మిరప రైతుకూ అదే చెప్పాను. 29వ అధ్యాయం పట్టుకుని తన సేవకుడి ఇంటికి వెళ్లి, కలిసి చదువుదామని అడగమన్నాను. వెళ్లాడు. ఆ సేవకుడు వయసులో చిన్నవాడు, ముందు నొచ్చుకున్నాడట. తర్వాత ఇద్దరూ కలిసి చదివారు. ఆ కుటుంబం ఇప్పుడు అక్కడే ఉంది.

అన్నిచోట్లా ఇలా జరగదు. ప్రేమతో, ఓపికతో అడిగినా వాక్యం తెరవనిచోట, అడిగినవారిని శపించినచోట, క్రీస్తు సిలువ కంటే కానుకల మాటే ఎక్కువైనచోట కుటుంబాన్ని ఆకలితో కట్టేయమని నేను చెప్పను. ఆ వెళ్లేది కూడా చెప్పి వెళ్లండి, నింద వేయకుండా వెళ్లండి. ఇంకొకటి కూడా పరీక్షించుకోండి. యోహాను 6వ అధ్యాయంలో అనేకులు యేసును విడిచిపోయారు. అక్కడ బోధ లోతు తక్కువై కాదు, కఠినంగా ఉందని పోయారు. మనం కదులుతున్నది ఆకలితోనా, గద్దింపు నచ్చకనా? కుర్చీ దక్కలేదనా, పక్కన కూర్చున్నవాడి కులం నచ్చకనా? దానికి జవాబు మన మోకాళ్ల మీద మనకే తెలుస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మధ్యాహ్నం భోజనమయ్యాక, ఉదయం ప్రసంగంలో చదివిన వచనం ఏ అధ్యాయంలో ఉందో ఆ అధ్యాయమంతా ఇంట్లో అందరూ కలిసి చదవండి. చదవలేనివారికి పిల్లలు చదివి వినిపించండి. అర్థంకానిది ఒక్కటి రాసుకుని బుధవారం మీ సేవకుణ్ణి అడగండి. ఆయన తెలియదంటే చిన్నచూపు చూడకండి, వారం గడువివ్వండి. విశ్వాసులు అడగడం మొదలుపెడితే సేవకుడు చదవడం మొదలుపెడతాడు.

గొర్రెల గొప్ప కాపరియైన ప్రభువు మీ ఇళ్లకు, మీ సంఘాలకు, మీ సేవకులకు తన వాక్యపు మేత సమృద్ధిగా దయచేయును గాక. ఆమేన్.